కృష్ణానగర్ మేడమీది ఆడిషన్ గది: డైలాగు లేని వేషాలవాళ్ళ కోసం

ముందే తీర్పు చెప్పేస్తానండి, చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. ఆడిషన్ వీడియో తీయించుకోవడానికి ఈ గది మంచిది. ఫొటోలు ఫర్వాలేదు, కాకపోతే కంప్యూటర్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని మరీ దిద్దించుకోవాలి. "మీ ప్రొఫైల్ కోఆర్డినేటర్లందరికీ (షూటింగులకి ఆర్టిస్టుల్ని కుదిర్చేవాళ్ళకి) మేమే పంపుతాం" అని అంటగట్టే మూడో ప్యాకేజీ జోలికి మాత్రం వెళ్ళొద్దు. మొత్తమ్మీద అయిదుకి మూడున్నర ఇస్తాను. అందులో మూడు కెమెరా వెనకాల నిలబడే కుర్రాడివి, మిగిలిన అరా గదిది.

పేరు రాయడం లేదు. మెచ్చుకునేవీ ఉన్నాయి, తిట్టేవీ ఉన్నాయి, అవసరమొస్తే నేను మళ్ళీ ఆ మెట్లే ఎక్కాలి. హైదరాబాద్ కృష్ణానగర్‌లో వేషాల కోసం తిరిగేవాళ్ళకి ఆనవాలు చాలు: కింద టిఫిన్ సెంటరు, పక్కన నగలూ విగ్గులూ అద్దెకిచ్చే కొట్టు, మధ్యలో ఒక్క మనిషి పట్టే మెట్లు. యూసుఫ్‌గూడ మెట్రోలో దిగితే నడిచి వచ్చేయొచ్చు. బండి పెట్టుకోవడానికి చోటు లేదు, టిఫిన్ సెంటరు ముందు పెడితే వాళ్ళు అరుస్తారు. పై అంతస్తులో వేరే ఆఫీసుంది, పొరపాటున అక్కడికి వెళ్తే సినిమా కథలు వినిపిస్తారు.

హీరోయిన్ వేషాలకి వెళ్ళే ఆడపిల్లలకీ, విలన్ అత్తగార్లకీ ఈ రివ్యూతో పనిలేదు, వాళ్ళకి ఛానల్ వాళ్ళే లుక్ టెస్టులు పెడతారు. సీరియల్లో పేరంటానికొచ్చి తాంబూలం పుచ్చుకునే ముత్తైదువలు, పెళ్ళిపీటల వెనక అక్షింతలు పట్టుకుని నిలబడే బంధువులు, ఆఫీసు సీన్లో ఫైలు మోసే గుమాస్తా, ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చునే పెద్దాయన, వీళ్ళ కోసం రాస్తున్నాను. అంటే మా కోసం.

మాది రాజమండ్రి. ఈటీవీ, జెమినీ మొదలైన 1995లో నేను ఇంటర్ చదువుతున్నాను, టీవీలో కనపడాలన్న పిచ్చి అప్పుడే పట్టుకుంది. పరిషత్తు నాటకాల్లో కొన్నాళ్ళు వేశాను. పెళ్ళయి హైదరాబాద్ వచ్చాక మెల్లగా సీరియల్స్‌లోకి వచ్చాను. ఆర్టిస్టుల సంఘం కార్డుంది. డైలాగులున్న వేషాలు చాలానే వేశాను, ఒక డైలీ సీరియల్లో అయితే మూడేళ్ళు ఎదురింటి పిన్నిని నేనే. కథ మారి ఆ పిన్ని అక్కర్లేకపోయినప్పుడు చంపలేదు, కూతురి పురిటికని అమెరికా పంపేశారు. చంపితే ఏడవడానికి నలుగురిని పిలవాలి, పదోరోజు సీను తీయాలి, బోలెడు ఖర్చు. అమెరికా అయితే ఒక్క ఫోన్ డైలాగుతో అయిపోతుంది. ఇప్పటికీ ఆ పిన్ని అక్కడే ఉంది, వీసా ఎలా పొడిగిస్తున్నారో తెలీదు.

అలాంటి వేషానికీ ఇంకో వేషానికీ మధ్య నెలలు ఖాళీ వస్తుంది. ఆ ఖాళీలో డైలాగు లేని వేషాలకీ వెళ్తుంటాను. చేతిలో పని ఉన్న ఆర్టిస్టులు కూడా చాలామంది వెళ్తారు, పైకి చెప్పుకోరంతే. ఇందులో ఇంకో సుఖం ఉంది. డైలాగున్న వేషానికి చెక్కు రావడానికి మూడేసి నెలలు పట్టిన రోజులున్నాయి నాకు. గుంపులో నిలబడ్డ రోజు డబ్బు చాలాసార్లు ఆ సాయంత్రమే ఏజెంటు చేతిలో పెట్టేవాడు. తక్కువే, కానీ కూరగాయల బండివాడు మూడు నెలలాగడు కదా.

డైలాగు లేని వేషానికి ఆడిషనేమిటే అని మా ఆయన ఇప్పటికీ నవ్వుతారు. నిజమే, ఒకప్పుడు లేదు. తెల్లారకముందే కృష్ణానగర్‌లో రోడ్డు మీదికి వస్తే ఏజెంటు వచ్చి చూసి, "నువ్వు, నువ్వు, ఆ పట్టుచీర అమ్మ" అని వేలుపెట్టి చూపించి వ్యాన్ ఎక్కించేవాడు. అదే ఆడిషను. షూటింగు సారథి స్టూడియోలో అయితే పొద్దెక్కాక నింపాదిగా వెళ్ళొచ్చు, రామోజీ ఫిల్మ్ సిటీ అయితే నక్షత్రాలుండగానే బయల్దేరాలి. సినిమాల్లో గుంపు కావాలంటే ఇప్పటికీ దాదాపు అంతే.

టీవీ మాత్రం మారింది. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో షూటింగులు ఆగిపోయి, జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం అనుమతిచ్చాక మళ్ళీ మొదలైనప్పుడు, సెట్లో ఎంత తక్కువమందుంటే అంత మంచిదన్నారు. ఎవరినీ ఆఫీసుకి పిలిచి చూసే పరిస్థితి లేదు. "వీడియో చేసి వాట్సాప్ పెట్టండమ్మా" అన్న మాట అప్పుడు మొదలైంది, కరోనా పోయినా ఆ మాట పోలేదు.

ఇంకో కారణం కూడా ఉంది. సీరియల్లో చుట్టాలు ఒక్కరోజుతో అయిపోరు. పెళ్ళంటే పది పదిహేను ఎపిసోడ్లు నడుస్తుంది, ఒక్కోసారి తాళి చేతిలో పట్టుకునే వారం గడుస్తుంది. మొదటి రోజు పెళ్ళికూతురి ఎడంపక్క నిలబడ్డ మొహం, తాళి కట్టేరోజు దాకా అక్కడే, అదే చీరలో, అదే జడలో ఉండాలి. అందుకని కో-డైరెక్టరు ముందే చూసుకుంటాడు: ఎత్తెంత, హీరోయిన్ మీద పడిపోయేలా ఉందా, కెమెరా వంక చూసే రోగముందా, పదిరోజులు వస్తుందా లేక నాలుగోరోజు ఇంట్లో శుభకార్యమని ఎగ్గొడుతుందా. చివరిది వీడియోలో తెలీదు. మిగతావి తెలుస్తాయి.

ఇక గది సంగతి. చిన్నదే. ఒక గోడకి బూడిదరంగు వేశారు, ఇంకో గోడకి నీలం తెర. రెండు పెద్ద లైట్లు తెల్లటి గుడ్డ కప్పుకుని ఉంటాయి. ఏసీ ఉంది కానీ రికార్డింగప్పుడు కట్టేస్తారు, మైకులో హోరు వస్తుందని. ఏప్రిల్, మే నెలల్లో వెళ్తే మొదటి టేక్ అయ్యేసరికే పౌడరు చెమటతో మెడమీదికి దిగుతుంది. బట్టలు మార్చుకోవడానికి మూలన కర్టెన్ కట్టారు. తలుపు లేదు, గొళ్ళెం లేదు. ఆడవాళ్ళు వెళ్ళినప్పుడు మగవాళ్ళని మెట్లమీదికి పంపేస్తారు, ఆ మర్యాద ఉంది, కానీ మర్యాద మీద ఆధారపడటం కంటే ప్లైవుడ్ తలుపు పెట్టించడం నయం. ఈ మాట వాళ్ళకి మొహంమీదే చెప్పాను. అద్దం మాత్రం నిలువెత్తుది, చీర కుచ్చిళ్ళు సరిగ్గా కనపడతాయి.

వీడియోకి అరగంట, 700 రూపాయలు, ముక్కలు కత్తిరించి అతికించి ఇవ్వడంతో సహా. ఫొటోలు కూడా కలిపితే 1,500. నేను చివరిసారి వెళ్ళినప్పటి లెక్క ఇది. మూడో ప్యాకేజీ 4,000, దాని గురించి తరవాత చెప్తాను, ఇప్పుడే కోపం తెచ్చుకోవడమెందుకు.

ఆ కుర్రాడి గురించి చెప్పాలి. పాతికేళ్ళుంటాయేమో, నిజామాబాద్ వైపు పిల్లాడు. ఒక సీరియల్‌కి అసిస్టెంట్ డైరెక్టరుగా చేసి, నిద్రలేక మానేసి ఇక్కడ చేరాడట. నన్ను అమ్మా అంటాడు, నేను నాన్నా అంటాను. మామూలుగా ఆడిషన్ వీడియో తీసేవాళ్ళందరూ ఒకటే పని చేస్తారు: పేరు, వయసు, ఎత్తు, ఏయే భాషలొచ్చు చెప్పించి, కుడివైపు ఎడంవైపు తిప్పించి, ఒక డైలాగు చెప్పించి పంపేస్తారు. ఈ పిల్లాడు అవన్నీ రెండు నిమిషాల్లో ముగించేసి, స్టూలు మీద కూర్చోబెట్టి, "ఇప్పుడు ఏం మాట్లాడకుండ్రి అమ్మా, నేను చదువుత, మీరు వినుండ్రి" అంటాడు.

నాకిచ్చిన సీను సీమంతం. గాజులు తొడిగే వేళకి పెద్దకోడలు లేచి, ఈ కడుపు నాటకం అని బాంబు పేలుస్తుంది. ఆవిడ డైలాగంతా తనే చదివాడు. నేను పేరంటానికొచ్చిన వీధిలో పెద్దావిణ్ణి. చేతిలో పసుపు గిన్నె. అంతే వేషం.

ఇక్కడ సీరియల్ సెట్ల గురించి తెలియనివాళ్ళకి ఒక ముక్క. మన సీరియల్స్‌లో హీరోయిన్లు చాలామంది కన్నడ అమ్మాయిలు. డైలాగు మొత్తం కంఠస్థం పట్టి చెప్పే తీరికా ఉండదు, తెలుగు పూర్తిగా వచ్చే అవకాశమూ ఉండదు. అందుకని కెమెరా పక్కన ప్రాంప్టరు నిలబడి ఒక్కో ముక్కా పైకి చదువుతుంటాడు, అమ్మాయి దాన్ని పలుకుతుంది, తరవాత డబ్బింగులో ఇంకొకరి గొంతు వస్తుంది. అంటే సెట్లో ప్రతి మాటా రెండుసార్లు వినపడుతుంది. ఒకసారి ప్రాంప్టరు నోట, ఏ భావమూ లేకుండా, రేషను షాపులో పేర్లు పిలిచినట్టు. రెండోసారి అమ్మాయి నోట. వెనకాల నిలబడ్డవాళ్ళకి ఇదే గండం. "ఈ కడుపు నాటకం" అని ప్రాంప్టరు అనగానే మొహం మారిపోతుంది. డైలాగు చెప్పాల్సిన అమ్మాయి ఇంకా నోరు తెరవనేలేదు, వెనక ముత్తైదువ అప్పుడే నోరు తెరిచేసింది! ఎడిటింగులో ప్రాంప్టరు గొంతు తీసేస్తారు, ముత్తైదువ మొహం మాత్రం ఉండిపోతుంది. షాట్ పోయినట్టే. డైరెక్టరు అప్పుడు అనే మాటలు ఇక్కడ రాయలేను.

ఈ పిల్లాడు దాన్ని పట్టుకున్నాడు. తను ముందు ప్రాంప్టరులా చప్పగా చదువుతాడు, తరవాత అదే మాటని పెద్దకోడలిలా అంటాడు. మొదటిసారికి మన కనురెప్ప కదలకూడదు. పెదాలు అసలే కదలకూడదు. డైలాగులున్న వేషాలు వేసి వచ్చినవాళ్ళకి ప్రాంప్టరుతో పాటు పెదాలు ఆడిపోతాయి, చేతులకి అలవాటైన పనిలాగే. కంప్యూటర్లో వెనక్కి తిప్పి చూపిస్తాడు: "చూడుండ్రి, ఈడ మీ పెదవి 'కడుపు' అన్నది." ఇన్నేళ్ళలో ఏ డైరెక్టరూ నాకు ఇంత ఓపిగ్గా చూపించలేదు.

తరవాత అదే సీను మూడు రకాలుగా తీశాడు. ఒకటి, మాట విన్నాను కానీ ఇంకా బుర్రకెక్కలేదు. రెండు, ఎక్కింది, పక్కావిడ వంక చూశాను. మూడు, నాకు ఈ సంగతి ముందే తెలుసు, ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. రెండోదానిలో నేను కళ్ళు కాస్త పెద్దవి చేస్తే వెంటనే ఆపాడు. "గట్ల ఆశ్చర్యపోకుండ్రి అమ్మా. ఆశ్చర్యం అత్తగారి ఖాతా. మీరు జర పక్కామె దిక్కు చూడుండ్రి, సాలు." ఎంత సరైన మాటో చూడండి. సీరియల్లో పెద్ద మాట ఒకటి పడిందంటే కెమెరా వరసగా అందరి మొహాల మీదికీ వెళ్తుంది, అత్త, మామ, ఆడపడుచు, తోడికోడలు, మళ్ళీ అత్త, డమడమా సంగీతంతో. ఆ వరసలో చుట్టాల మొహాలు కూడా ఒక్క క్షణం వస్తాయి. ఆ క్షణంలో మనం అత్తగారి కంటే ఎక్కువ ఆశ్చర్యపోతే మనని కత్తిరించేస్తారు. ఏమీ చెయ్యకపోతే అసలు మన వంకే కెమెరా తిప్పరు. ఈ రెంటికీ మధ్య ఉన్న ఇరుకు చోటులోనే మా బతుకుతెరువంతా ఉంది, ఆ చోటు ఎక్కడుందో చూపించిన మనిషికి 700 ఇవ్వడం నాకు దండగనిపించలేదు.

మూడో రకం వీడియో చూసే ఒక కో-డైరెక్టరు ఫోన్ చేశాడు. "మీరు సీక్రెట్ తెలిసినావిడలా ఉన్నారండి, బావుంది, మాకు అంత అవసరం లేదు కానీ రండి" అన్నాడు. మణికొండ దగ్గర ఒక షూటింగ్ ఇల్లు, ఉదయం ఏడింటికి కాల్‌షీట్, నిజంగానే సీమంతం సీను. రెండ్రోజులు. మొదటి రోజంతా హీరోయిన్ మీద సజెషన్ షాట్లలో, అంటే వెనకనుంచి ఒకరి భుజం మీదుగా తీసేవాటిలో, నా భుజమూ, భుజం మీద జరీ అంచూ తప్ప ఏమీ పడలేదు. రెండోరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక క్లోజ్ పెట్టారు. నేను పక్కావిడ వంక చూశాను. ఆవిడ నా వంక చూడలేదు, ఆవిడ ప్రాంప్టరు వంక చూస్తోంది. అయినా ఓకే అన్నారు.

లైటు విషయంలోనూ పిల్లాడికి పని తెలుసు. ఇంట్లో ట్యూబులైటు కింద ఫోన్‌తో తీస్తే వీడియోలో గోడంతా మినుకుమినుకుమంటూ చారలు కదులుతుంటాయి, చూశారా? మన కరెంటు సెకనుకి 50 సార్లు ఆడుతుంది, కెమెరా షట్టరు దానికి కుదరకపోతే అలా వస్తుందని చెప్పి, 50కి కుదిర్చి తీశాడు. చీరల విషయంలో నాకు తెలిసింది కూడా కలిపి చెప్తున్నాను: చిన్న చిన్న గళ్ళున్న చీర కట్టుకెళ్ళకండి, కెమెరాలో గళ్ళు అలల్లా కదులుతాయి. తెల్లచీర మొహాన్ని నల్లగా చేస్తుంది, పైగా చూసేవాడు మనని వితంతువు వేషాల జాబితాలో పడేస్తాడు, ఒకసారి అందులో పడితే బయటికి రావడం కష్టం. నీలం తెర ముందు నీలం చీర వద్దు. మట్టిగాజులు నాలుగు చాలు, డజను వేసుకుంటే గలగలలే రికార్డవుతాయి.

వీడియో ఒక నిమిషం దాటనివ్వడు. మొదట్లో ఒక అట్ట మీద వివరాలు రాసిపెడతాడు: వయసు, ఎత్తు, ఉండే ప్రాంతం, సొంత పట్టుచీరలు ఎన్ని, ఫ్యాన్సీ చీరలు ఎన్ని. నవ్వకండి, చీరల లెక్క చూసే చాలామంది ఫోన్ చేస్తారు. మాకు కంపెనీ బట్టలివ్వదు, మన చీరే మన కాస్ట్యూమ్. రెండు సీరియల్స్‌లో ఒకే చీర కనపడితే ప్రేక్షకులు పట్టేస్తారు, ఆ కామెంట్లు మీరూ చూసే ఉంటారు. ఫైలు వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపమని చెప్తాడు. మామూలు వీడియోలా పంపితే అది నలిగిపోయి, మొహం మీద గీతలన్నీ మాసిపోతాయి. వీధిలో పెద్దావిడ వేషానికి గీతలే కదా పెట్టుబడి.

ఇప్పుడు ఫొటోలు. ఇవి తీసేది ఆ పిల్లాడు కాదు, ఓనరు గారు. ఫొటో బాగానే తీస్తారు, తీసినంతవరకే. తరవాత కంప్యూటర్లో కూర్చుని సున్నం వేసేస్తారు. నా రంగు చామనచాయ. ఆయన చేతిలోంచి వచ్చిన ఫొటోలో నేను పాలలో మునిగి తేలాను, కళ్ళకింద సంచులు మాయం, గడ్డం కూడా కాస్త చెక్కారు. ఒకచోట ఆ ఫొటో చూసి పిలిస్తే వెళ్ళాను. మేనేజరు ఫోన్ వంకా నా వంకా రెండుసార్లు చూసి, "మీ చెల్లెలు గారు రాలేదాండీ?" అన్నాడు. చివరికి నన్నే తీసుకున్నారనుకోండి, వరసలో వెనక్కి జరిపారు. మళ్ళీ వెళ్ళినప్పుడు ఓనరు గారి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. "ముట్టుకోవద్దండి, మచ్చ కూడా అలాగే ఉంచండి" అంటే ఆయన నొచ్చుకున్నారు. "అందరూ ఇంకా తెలుపు చెయ్యమని అడుగుతారమ్మా, మీరొక్కరే" అన్నారు. అది నిజమే అయ్యుంటుంది. ఆయన్నని ఏం లాభం, పిలిచేవాళ్ళు ఏ రంగువాళ్ళని ముందు వరసలో పెడతారో అందరం చూస్తూనే ఉన్నాం.

మూడో ప్యాకేజీ. నాలుగు వేలు కట్టించుకుని మన వీడియో, ఫొటోలు, ఫోన్ నంబరుతో సహా "ఇండస్ట్రీలో అందరికీ" పంపుతామంటారు. నేను కట్టలేదు. నాతోపాటు పేరంటాల్లో నిలబడే ఒక అమ్మాయి కట్టింది. కొన్నాళ్ళకి ఆ అమ్మాయి ఫొటో నాకే వచ్చింది, ఇంకెవరో ఆర్టిస్టు ఫార్వర్డ్ చేస్తే. ఆరా తీస్తే తేలిందేమిటంటే, ఆ గ్రూపుల్లో ఉన్నది మాలాంటి ఆర్టిస్టులే. ఒకరి ఫొటోలు ఒకరం చూసుకుంటున్నాం, పని ఇచ్చేవాడు ఒక్కడూ లేడు. అది పోనీ అనుకుందాం. నంబరు అలా ఊరిమీద పడేసరికి ఆ పిల్లకి రాత్రి పదకొండింటికి "మేడమ్, లీడ్ రోల్ ఉంది, ఒక్కరే రండి" అని ఫోన్లు. సిమ్ మార్చుకోవాల్సి వచ్చింది. ఓనరు గారిని అడిగితే, మేం పంపడం వరకే అన్నారు. ఇందుకే అర మార్కు కంటే గదికి ఎక్కువ ఇవ్వలేకపోయాను.

కొత్తగా వచ్చే పిల్లలకి ఈ సందర్భంలోనే ఒక మాట. పని ఇచ్చేవాడు ముందు డబ్బు అడగడు. కోఆర్డినేటరు కమిషన్ తీసుకుంటాడు, తప్పులేదు, కానీ మనకి పని వచ్చి, డబ్బు వచ్చాక, అందులోంచి. రిజిస్ట్రేషన్ ఫీజు, లుక్ టెస్ట్ ఛార్జీ, కార్డు ఇప్పిస్తాం అడ్వాన్సు, ఇలాంటివి ఏ పేరుతో అడిగినా లేచి వచ్చేయండి. ఇక్కడ వీడియోకి డబ్బు కడుతున్నాం కదా అంటారేమో, అది ఫొటో స్టూడియోకి కట్టినట్టు. చేసిన పనికి కడతాం, వీడియో చేతికొస్తుంది, లెక్క తీరిపోతుంది.

వేరే చోట్లతో పోలిస్తే? ఫిల్మ్‌నగర్ వైపు ఒక పెద్ద స్టూడియోకి కూడా వెళ్ళి చూశాను. నేల నిగనిగలాడుతుంది, కాఫీ ఇస్తారు, బట్టలు మార్చుకునే గదికి తలుపుంది. కానీ అక్కడి అమ్మాయి నాకు రెండు పేజీల డైలాగిచ్చి, కోపం, ఏడుపు, నవ్వు, వరసగా చేసి చూపించమంది. చేశాను, పరిషత్తు రోజులు గుర్తొచ్చి సరదాగానే ఉంది. డబ్బు మూడింతలు. ఆ వీడియోకి ఒక్క ఫోనూ రాలేదు, వచ్చే అవకాశమూ లేదు, పసుపు గిన్నె పట్టుకునే మనిషికి రెండు పేజీల ఏడుపు ఎవరు చూస్తారు? హీరో ఫ్రెండ్ వేషాలకి ప్రయత్నించే కుర్రాళ్ళకైతే అది బాగుండొచ్చు. ఇంట్లో తీసుకోవడం అన్నింటికన్నా చవక, మా అమ్మాయి ఫోన్ పట్టుకుంటుంది. కానీ తను నా తల్లిలా "అమ్మా నవ్వకు, నవ్వకు" అంటూ తనే నవ్వేస్తుంది, సీను మధ్యలో కుక్కరు కూత. పేరూ ఎత్తూ చెప్పడానికి ఇల్లు చాలు. వినడం తీయించుకోవాలంటే చదివే మనిషి కావాలి, ఆ మనిషికి సెట్ తెలిసుండాలి.

రద్దీ ఎప్పుడుంటుందంటే చెప్పలేం. 2025 ఆగస్టులో సినిమా కార్మికులు వేతనాలు పెంచమని 18 రోజులు సమ్మె చేసినప్పుడు కృష్ణానగర్ టీ కొట్లన్నీ మనుషులతో నిండి ఉన్నాయి, పనికి వెళ్ళేవాళ్ళు లేక. ఆ రోజుల్లో ఈ మెట్ల మీద వరస కింద టిఫిన్ సెంటరు దాకా వచ్చింది. సినిమా జూనియర్ ఆర్టిస్టులు, ఫైటర్ల వైపు కుర్రాళ్ళు కూడా, టీవీకి పనికొస్తామేమోనని వచ్చారు. ఆరడుగుల మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, సీమంతం సీను వినిపిస్తూ, "అన్నా, గంత కోపమొద్దు, మీరు పేరంటానికి వచ్చిన్రు" అంటున్నాడు మా పిల్లాడు.

వెళ్ళేవాళ్ళు ఆషాఢం రాకముందే వెళ్ళండి. శ్రావణమాసంలో ప్రతి సీరియల్లోనూ వరలక్ష్మీ వ్రతం ఉంటుంది, ఆ ఎపిసోడ్లు కాస్త ముందుగానే తీసేస్తారు, కాబట్టి ముత్తైదువల వేట ఆషాఢంలోనే మొదలవుతుంది. కిందటేడు ఒకే వారంలో రెండు ఛానళ్ళ వ్రతాలకి వెళ్ళి వాయినాలు పుచ్చుకున్నాను, రెండు చోట్లా శనగలు నిన్నటివే. ఉదయం పదకొండులోపు వెళ్తే ఆ పిల్లాడు ఉంటాడు, మధ్యాహ్నం ఓనరు గారొక్కరే ఉంటారు, ఆయన సీను చదివితే పంచాంగ శ్రవణంలా ఉంటుంది. ఫోన్ చేసి పిల్లాడు ఉన్నాడో లేడో కనుక్కుని బయల్దేరండి. పట్టుచీర, మ్యాచింగ్ బ్లౌజు, పిన్నీసులు మీవే తీసుకెళ్ళండి. అద్దెకి చీర ఉందంటారు, ఉంది కూడా, ముదురు ఆకుపచ్చ. దానికి బ్లౌజు లేదు.